లావుపాటి ట్రాన్సిస్టరు

వేలు చుర్రుమంది. అమ్మో అని చెయ్యి వెనక్కి లాక్కుని, ఆ వేలు నోట్లో పెట్టుకుని, ఇంత చిన్న ముక్కకు ఇంత వేడేమిటని బల్ల మీదికి వంగి చూసింది కోడలు.

ఎవరి కోడలు అంటారా? వస్తున్నాను. షాపులో ఆమెను అందరూ మేడమ్ అంటారు. ఇంట్లో అత్తగారు, నోరు బాగున్నన్నాళ్ళూ, స్క్రూడ్రైవరు అని పిలిచేది. పెళ్ళయిన కొత్తలో పాడైన మిక్సీని విప్పి, మరలన్నీ కొత్త పరుపు మీద పరిచినందుకు పెట్టిన పేరది. "మా స్క్రూడ్రైవరు ఇంకా దిగలేదా?" అని ఆవిడ గుమ్మంలోంచి అరిస్తే నాలుగిళ్ళ అవతలికి వినపడేది. ఇప్పుడా గొంతు లేదు. ఆ సంగతి తర్వాత. ఈ జరిగిందంతా ఆమె ఆ ఇంటి కోడలు కావడం వల్లే జరిగింది కాబట్టి మనమూ కోడలనే అందాం.

ఆమె పని చేసేది కాఫీ మిషన్లు బాగుచేసే షాపులో. ఆఫీసుల్లో మీట నొక్కితే కప్పులోకి కాఫీ పోస్తాయే, అవి. అరల నిండా మూతలూడిన మిషన్లు, మాడిన పాలపొడి వాసన, కిటికీ పక్కన ఆమె బల్ల. ఆ రోజు పొద్దున వచ్చిన మిషన్‌లో పాలపొడి కలిపే మోటారు బాగానే ఉంది గానీ దాన్ని తిప్పే బోర్డు కాలిపోయింది. కంపెనీ బోర్డు ఎక్కడా దొరకదు. దొరక్కపోతే ఏం, మనమే చేసేద్దాం అనుకుంది. ఆమె ఎప్పుడూ అంతే. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు తీసింది, అంటే ఎప్పుడు తిప్పాలో ఎప్పుడు ఆపాలో చూసుకునే బుల్లి కంప్యూటర్. దానికి బుర్ర ఉంటుంది గానీ బలం ఉండదు, మోటారును తనంతట తాను తిప్పలేదు. అందుకని మధ్యలో ఒక ట్రాన్సిస్టరు పెడతారు. బోర్డు దాని మొదటి కాలికి కాస్త వోల్టేజీ ఇస్తే అది తెరుచుకుని మోటారుకు కరెంటు వదులుతుంది. ఇవ్వడం మానేస్తే మూసుకుంటుంది. అంతే దాని ఉద్యోగం.

తన సొంత డబ్బాలో మిగిలిన లావుపాటి ట్రాన్సిస్టరు ఒకటి తీసి అతికించింది. మోటారు తిరిగింది. కాస్త నీరసంగా తిరిగినట్టుంది గానీ, తిరిగింది. వంకరగా నిలబడ్డ ట్రాన్సిస్టరును సరిచేద్దామని వేలు పెట్టింది. వేలు కాలింది అప్పుడే.

మీటరు పెట్టి చూసింది. బోర్డు నుంచి వస్తున్నవి మూడు వోల్టులు, ఆపైన కొసరు. ఆ లావుపాటిది పూర్తిగా తెరుచుకోవాలంటే పది కావాలి. ఐదుకైతే ఏదో మొహమాటానికి సరిపడా తెరుచుకుంటుంది. మరి మూడుకు? సగమే తెరుచుకుంటుంది, కరెంటంతా ఆ ఇరుకు సందులోంచి ఒరుసుకుంటూ పోవాలి. ఆ ఒరిపిడంతా వేడి. లావుగా ఉంది కదా, ఎంత కరెంటైనా మోస్తుందిలే అనుకుంటాం. మోస్తుంది, కాదనను, కానీ ముందు దాన్ని తెరవాలిగా! పైగా ఈ జాతికి ఇంకో పాడు గుణం ఉంది. వేడెక్కీ వేడెక్కీ ఒకనాటికి చస్తాయి. మూసుకుని చస్తే ఎవరికీ బాధ లేదు. చాలాసార్లు తెరుచుకుపోయి చస్తాయి. అప్పుడిక బోర్డు ఆగమన్నా మోటారు ఆగదు.

"నీ మొహం, ఇక్కడికి నువ్వు పనికిరావు" అని దాన్నే తిట్టి, నవ్వుకుంటూ, పీకేద్దామని సోల్డరింగ్ ఐరన్ అందుకోబోయింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఇంట్లో అత్తగారి మంచం పక్కనున్న మిషన్‌లో ఉన్నదీ ఇదే ట్రాన్సిస్టరు. ఇదే బోర్డు.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది, మింగడం పోయింది. మిగిలినవి రెండు కళ్ళు, ఎడం చెయ్యి, ఆ చేత్తో మంచం కడ్డీ మీద కొట్టే దరువు. నోరు పోయినా పెత్తనం పోలేదు మరి. ఒక దెబ్బ కొడితే ఫ్యాను వెయ్యాలి, రెండు కొడితే పక్కకు తిప్పాలి, ఆపకుండా కొడుతోందంటే మామగారు ఏదో వెధవ పని చేస్తున్నారని అర్థం. ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేశారు. పాలలాంటి ఆహారం ఆ గొట్టంలోంచే వెళ్ళాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒకటికి పదిసార్లు చెప్పింది.

"నెమ్మదిగా వెళ్ళాలమ్మా. తొందరపడ్డారో, పొట్ట నిండి పైకి తన్నుకొస్తుంది. ఈవిడకి దగ్గే శక్తి లేదు. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఇక మన చేతుల్లో ఏమీ ఉండదు."

కోడలి భర్త దూరప్రాంతాలకు సరుకు తోలే డ్రైవరు, ఇంటి పట్టున ఉండడు. పగలంతా ఆవిడ దగ్గర ఉండేది మామగారొక్కరే. ఆయనకు చేతులు వణుకుతాయి. సిరంజి ఎత్తి పాలు పోయబోతే సగం ఆవిడ మెడ మీద, సగం ఆయన చొక్కా మీద. అందుకని కోడలు ఒక పంపు తయారుచేసింది. చిన్న మోటారు, దానికి రోలర్లు. రోలర్లు గొట్టాన్ని నొక్కుతూ తిరుగుతుంటే సంచీలోని పాలు ముందుకు జరుగుతాయి. కాస్త తిరగడం, చాలాసేపు ఆగడం, మళ్ళీ కాస్త తిరగడం. దాన్ని చూసి మామగారు వీధి వీధంతా చెప్పుకున్నారు.

విడిభాగాల కొట్లో ట్రాన్సిస్టరు కొన్నప్పుడు కొట్టతను చిన్నవీ పెద్దవీ బల్ల మీద పోశాడు. మోటారుకు కావలసింది అర ఆంపియరు. ఆమె ఏరి కోరి యాభై ఆంపియర్లు మోసేదాన్ని పట్టుకుంది. మనిషి ప్రాణంతో పని, చిన్నది పెట్టి భయపడటం ఎందుకు, పెద్దదైతే నిశ్చింత అనుకుంది. మెకానిక్కులందరికీ ఉండే రోగమిది. భయమేస్తే లావుది వేస్తారు. లావు తీగ, లావు బోల్టు, లావు ట్రాన్సిస్టరు. పాత బోర్డు ఐదు వోల్టులు ఇచ్చేది కాబట్టి ఆ లావుపాటిది ఎలాగో నెట్టుకొచ్చింది. మొన్న ఆదివారం భర్త ఫోన్ చేసి, "అమ్మ తాగిందో లేదో నా ఫోన్లో కనపడేలా ఏదైనా చెయ్యవే, మనసు పీకుతోంది" అన్నాడు. సరే అని వైఫై ఉన్న కొత్త బోర్డు వేసింది. కొత్త బోర్డు ఇచ్చేది మూడే. ఆ రోజు నుంచీ మోటారు నీరసంగా తిరుగుతోంది. ఎందుకు నీరసపడిందా అని ఆలోచించాలా వద్దా? గొట్టం పాతబడి ఉంటుందిలే అనుకుని, తిరిగే సేపు పెంచింది. జ్వరంతో నడవలేనివాణ్ణి ఇంకో రెండు వీధులు ఎక్కువ నడిపించినట్టు. పైగా పాలు చిందుతాయని బోర్డూ ట్రాన్సిస్టరూ ఉన్న డబ్బాకు గాలి చొరకుండా మూత బిగించింది.

ఇదంతా ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగింది. ఫోన్ తీసి చూసింది. మిషన్ గుర్తు పక్కన పచ్చ చుక్క. దాని కింద, "మోటారు ఆగి ఉంది."

హమ్మయ్య అనుకుంది. కుర్చీలో కూలబడింది కూడా. కానీ ఆ హమ్మయ్య ఊపిరి పీల్చినంతసేపు కూడా నిలవలేదు. ఆగి ఉందని చెప్తున్నది బోర్డు. బోర్డుకేం తెలుసు? ఆగమని తను చెప్పిన సంగతే దానికి తెలుసు. అవతల మోటారు ఆగిందో లేదో చూడటానికి దానికి కళ్ళు లేవు. ఆ కళ్ళు పెట్టాలని కోడలికి తట్టలేదు.

మామగారికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, మోగింది. ఎత్తండి మామయ్యా, ఎత్తండి. చివరికి ఎత్తారు. ఆయనకు చెవి కాస్త మందం. ఫోనెప్పుడూ స్పీకర్‌లో పెట్టి, అరచేతిలో పళ్ళెంలా పట్టుకుని మాట్లాడతారు.

"మామయ్యా, ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటానమ్మా, మీ అత్తయ్య పక్కనే. పేపరు చదువుతున్నా."

"మిషన్ ఎలా ఉంది?"

"భేషుగ్గా ఉందమ్మా! నిన్నటిదాకా ఆగి ఆగి మూలుగుతూ తిరిగేదా, ఇవాళ అసలు ఆగడమే లేదు. మన కోడలు మొత్తానికి బాగుచేసేసిందే అని ఇప్పుడే మీ అత్తయ్యతో అంటున్నా."

కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎప్పట్నుంచి మామయ్యా? ఎప్పట్నుంచి ఆగకుండా తిరుగుతోంది?"

"ఏమోనమ్మా. నేను పేపరు తెరిచేటప్పటికి తిరుగుతోంది. ఇప్పుడు ఆటల పేజీలో ఉన్నా."

"దాన్ని ఆపండి. ప్లగ్గు పీకెయ్యండి. ఇప్పుడే."

"ముట్టుకోవద్దని కాగితం రాసి అంటించింది నువ్వే కదమ్మా?"

నిజమే, అంటించింది. ఊరికే అంటించలేదు. మొదటి వారంలోనే ఆయన ఆ మీటా ఈ మీటా నొక్కి, ఏం జరుగుతుందో చూద్దామని మిషన్ బుర్ర తినేశారు. ఆ రోజు కోడలు మామగారని కూడా చూడకుండా గట్టిగా కసిరింది. మీరు చచ్చినా దీని జోలికి వెళ్ళకండి అంది. పాపం, ఆయన ఆ మాట మీదే నిలబడ్డారు.

"నేనే చెప్తున్నాగా మామయ్యా, పీకండి!"

"కోప్పడకమ్మా, పీకుతున్నా." కుర్చీ జరిగిన చప్పుడు. మూలుగు. "ఇదిగో, పీకేశా." తర్వాత మామగారి గొంతు మారిపోయింది. "అమ్మాయ్, ఇదింకా తిరుగుతూనే ఉందే."

బ్యాటరీ! కరెంటు పోయినా అత్తయ్యకు పాలు ఆగకూడదని లోపల బ్యాటరీ పెట్టింది కూడా ఈ మహాతల్లే. ఎన్ని జాగ్రత్తలు తీసుకుందో చూడండి. ఒక్కొక్క జాగ్రత్తా ఇప్పుడు పీక మీదికొచ్చి కూర్చుంది.

"అత్తయ్య కడ్డీ కొడుతున్నారా?"

"లేదే. చప్పుడు లేదు. కదలకుండా పడుకుంది. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉంది. నన్నే చూస్తోంది."

చీటికీ మాటికీ కడ్డీ వాయించే మనిషి చప్పుడు చెయ్యడం లేదు! కోడలికి ఇక ఒళ్ళు తెలియలేదు. షాపు దద్దరిల్లేలా అరిచింది.

"మామయ్యా, పాలన్నీ లోపలికి పోతున్నాయి! పొట్ట నిండి పైకి తన్నుకొస్తాయి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అత్తయ్య చచ్చిపోతుంది మామయ్యా! ఊపిరాడక చచ్చిపోతుంది!"

"అయ్యో అయ్యో అయ్యో! ఆగు, ఉండు, కిందికెళ్ళి మెయిన్ ఆపేస్తా!"

"మెయిన్ కాదు మామయ్యా, గొట్టం..."

ఫోన్ దేని మీదో ధన్‌మని పడింది. చెప్పుల చప్పుడు దూరమైపోయింది.

షాపు ఓనరు అప్పటికే బండి తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సంగతేమిటని అడగలేదు. అడిగితే చెప్పే స్థితిలో ఆమె లేదని చూడగానే తెలిసింది. "ఎక్కమ్మా" అన్నాడు అంతే.

స్కూటరు వెనక కూర్చుని ఫోన్ చెవికి అదిమి పెట్టుకుంది. పెట్టెయ్యడానికి ధైర్యం చాలలేదు. అవతల ఎవరూ లేరు. మోటారు మాత్రం ఉంది. ర్‌ర్‌ర్ అని, ఆగకుండా, తడబడకుండా, మంచి ఆరోగ్యంతో. ఆ మోటారును తనే ఏరింది. నడిచేటప్పుడు చప్పుడు తక్కువగా ఉండాలని నాలుగు కొట్లు తిరిగి కొంది. ఇప్పుడు ప్రపంచంలో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

"మామయ్యా! మామయ్యా, రండి! పైకి రండి మామయ్యా!"

ఎవరూ పలకలేదు. సిగ్నల్ దగ్గర బండి ఆగింది. పక్క బండి మీదివాళ్ళు తలతిప్పి చూశారు. "పోనివ్వండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటా, పోనివ్వండి" అంది. ఓనరు అటూ ఇటూ చూసి ఎర్ర లైటులోనే పోనిచ్చాడు. వెనక ఎవడో నానా తిట్లూ తిట్టాడు.

ఫోన్‌లో ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. అంటే మామగారు మెయిన్ ఆపేశారన్నమాట. ఇల్లంతా సద్దుమణిగింది. ఆ సద్దుమణిగిన ఇంట్లో మోటారు ఇంకా బాగా వినిపించింది. కోడలు కళ్ళు మూసుకుంది. దేవుడా, ఇది గడిస్తే చాలు, ఇంకెప్పుడూ మనుషులకు తగిలించే వస్తువు చెయ్యను, కాఫీ మిషన్లే బాగుచేసుకుంటాను, నా వేలు కాదు చెయ్యంతా కాలిపోయినా సరే అని ఏవేవో మొక్కుకుంది.

ఇంటి మలుపు ఇంకా రాకముందే ఫోన్‌లో టప్పుమని ఒక చప్పుడు. వెంటనే ఏదో నేల మీద చిందినట్టు, తర్వాత ధారగా కారుతున్నట్టు. మోటారు భారం దిగినట్టు తేలిగ్గా తిరగసాగింది.

"కక్కేసింది" అంది కోడలు.

"ఏమిటమ్మా?" అన్నాడు ఓనరు ముందు నుంచి.

"అయిపోయింది సార్. కక్కేసింది." ఏడుపు కూడా రాలేదు.

ఇంటి కింద మీటర్ల గూడు దగ్గర మామగారు గోడను ఆనుకుని నిలబడి ఉన్నారు. చేతులు రెండూ గడగడా వణుకుతున్నాయి. మెట్లు దిగినాయనకు మళ్ళీ ఎక్కే ఓపిక లేకపోయింది. "మెయిన్ ఆపేశానమ్మా. ఆగిపోయింది కదూ? ఆగిపోయే ఉంటుంది కదూ?" అని ఆశగా ఆమె ముఖంలోకి చూశారు. ఆమె జవాబు చెప్పకుండా మెట్లెక్కేసింది. ఎన్ని మెట్లు ఎక్కిందో, ఎక్కడ మోకాలు కొట్టుకుందో తెలియదు. ఆ దెబ్బ మర్నాడు కనిపించింది.

గది గుమ్మంలో ఆగిపోయింది. నేలంతా తెల్లగా. మంచం కాళ్ళ దగ్గర, పేపరు మీద, మామగారి కళ్ళజోడు మీద, అంతా పాలు. అత్తగారి తల దిండు మీద పక్కకు వాలి ఉంది. లోపలికి అడుగు పడలేదు. ఇదేం మనిషి అనకండి. అంత దూరం ప్రాణాలరచేతిలో పెట్టుకుని వచ్చినామెకు ఆ మూడడుగులూ వెయ్యడానికి భయమేసింది.

అత్తగారి కళ్ళు కదిలాయి. కోడలి వైపు తిరిగాయి.

అప్పుడు ఒక్క దూకు దూకింది. ముందు డబ్బా మూత ఊడబెరికి బ్యాటరీ తీగలు పీకి పారేసింది. మోటారు ఆగింది. వంగి చూసింది. అత్తగారి పెదాల మీద పాలు లేవు. గడ్డం పొడిగా ఉంది. మెడ పొడిగా ఉంది. ఊపిరి ఆడుతోంది, గొంతులో గురక లేదు. పాలు వచ్చింది అత్తగారి నోట్లోంచి కాదు. పంపు దగ్గర గొట్టం అతుకు ఊడి, అక్కడ్నుంచి నేల మీదికి కారాయి. అతుకు ఎందుకు ఊడింది? ముందుకు పోయే దారి మూసుకుపోతేనే కదా ఊడుతుంది!

దుప్పటి తీసింది. గుండెల మీద అత్తగారి ఎడం చెయ్యి. పిడికిట్లో గొట్టం. దాన్ని రెండుగా మడిచి, మడత మీద బొటనవేలు వేసి, ఉన్న శక్తినంతా అక్కడే పెట్టి నొక్కి పట్టుకుంది. కణుపులు తెల్లబడిపోయాయి. చెయ్యంతా సన్నగా వణుకుతోంది. కడ్డీ కొట్టడానికి ఆవిడకు ఇంకో చెయ్యి లేదు.

"ఆగిపోయింది అత్తయ్యా. పీకేశాను. ఇంక వదలండి" అని కోడలు చెయ్యి చాపింది.

ఆ పిడికిలి ఇంకా బిగుసుకుంది. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంటే గానీ ఆ మూలుగు ఆగలేదు.

ఓనరు వెళ్ళి పక్క వీధి క్లినిక్ నుంచి నర్సును స్కూటరు మీద ఎక్కించుకొచ్చాడు. నర్సు అత్తగారి గుండెల మీద, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. పొట్ట తడిమింది.

"ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. పొట్ట కాస్త ఉబ్బింది, తగ్గిపోతుంది. సాయంత్రం దాకా ఏమీ ఇవ్వకండి. ఆ తర్వాత కొంచెం కొంచెం, చేత్తోనే." నర్సు ఇంకా మూసి ఉన్న పిడికిలి వైపు చూసింది. "సరైన సమయానికి పట్టుకున్నారు. పట్టుకోమని మీరు చెప్పారా?"

మామగారు కోడలి వైపు చూశారు. కోడలు తల దించుకుంది. గొట్టం పట్టుకోమని చెప్పాలని తనకు తట్టింది, నిజమే. మామయ్యకు చెప్పాలని తట్టింది. ఆయన లేరని తెలిసి కూడా దారంతా మామయ్యా మామయ్యా అని గొంతు చించుకుంది. ఫోన్ అత్తగారి మంచం మీదే పడి ఉంది. ఆవిడకు చెవులున్నాయి, బుద్ధి ఉంది, ఒక చెయ్యి ఉంది. "అత్తయ్యా, గొట్టం మడిచి పట్టుకోండి" అని ఒక్క మాట అనడానికి ఈ మహాతల్లికి తోచలేదు. ఆవిడ విన్నదల్లా స్పీకర్‌లోంచి కోడలు పెట్టిన గావుకేకలు. పొట్ట నిండిపోతుందనీ, ఊపిరాడక చచ్చిపోతుందనీ. ఆపండి అన్న మొదటి మాటకే దుప్పటి కింద గొట్టం దొరకబుచ్చుకుని, ఆ కేకలన్నీ వింటూ, మొగుడు చెప్పులేసుకుని బయటికి పరిగెత్తడం చూసి, ఆ ఖాళీ గదిలో తిరుగుతున్న మిషన్‌తో ఒక్కతే మిగిలి, తన ప్రాణం తనే పట్టుకుంది.

అందరూ వెళ్ళాక కోడలు నేల తుడిచింది. తర్వాత డబ్బా విప్పింది. ట్రాన్సిస్టరు చుట్టూ బోర్డు గోధుమరంగుకు తిరిగింది, పైనున్న మూత లోపలివైపు మెత్తబడి వంకరపోయింది. కాళ్ళ మధ్య మీటరు పెడితే కీచుమని ఆగకుండా అరిచింది, అంటే తెరుచుకుపోయే చచ్చిందన్నమాట. మామగారు కూడా పక్కన చేరి చూశారు.

"పెద్దదే కొన్నావు కదమ్మా? బలమైనదని చెప్పావు."

"పెద్దదే కొన్నాను మామయ్యా. చిన్నది కొనాల్సింది. ఈ బోర్డు మాట వినే చిన్నది." అక్కడితో ఆపుదామనుకుంది గానీ ఆగలేదు. "మోటారు నీరసంగా తిరుగుతుంటే చూసి కూడా వదిలేశాను. తప్పంతా నాదే. మీ అబ్బాయికి కూడా నేనే చెప్తాను."

ఆయన పాల మరకలంటిన కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. ఏదైనా అంటే బాగుండునని ఆమెకనిపించింది.

సాయంత్రం పాలు వెచ్చజేసి, సిరంజిలో పోసి మంచం దగ్గరికి వచ్చింది. మామగారు రెండు చేతులూ చాపి చూపించారు. "నావల్ల కాదమ్మా. చూడు, ఎలా వణుకుతున్నాయో. నువ్వే పొయ్యి." గొట్టానికి సిరంజి తగిలించి పైకెత్తింది. పాలు దిగలేదు. చూస్తే అత్తగారి పిడికిలి బిగిసి ఉంది. మధ్యాహ్నం అలసిపోయి ఎప్పుడో వదిలేసిన చెయ్యి, కోడలు సిరంజి పట్టుకుని రావడం చూడగానే మళ్ళీ గొట్టం వెతుక్కుంది.

"ఏమే, పిచ్చిదానా, మన కోడలే కదే. పొద్దుట్నుంచి ఏమీ తాగలేదు, వదలవే" అని మామగారు బతిమాలారు. అత్తగారు ఆయన వైపు చూడలేదు. కళ్ళు రెండూ కోడలి మీదే ఉన్నాయి. ఎన్నేళ్ళ కాపురంలోనూ ఆ కళ్ళలో కోపం చూసింది, వెటకారం చూసింది, అలక చూసింది. తనను చూసి ఆవిడ భయపడటం ఎప్పుడూ చూడలేదు. నాలుగిళ్ళ అవతలికి వినపడేలా అరిచే మనిషి, తనను చూసి భయపడుతోంది.

వేళ్ళు విడదీయబోయింది. ఆ మూలుగు మళ్ళీ వచ్చింది. చటుక్కున వదిలేసింది. సిరంజి అలాగే పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"నేను ఫోన్లో అరిచిందంతా విన్నారు కదూ అత్తయ్యా?"

కళ్ళు ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి.

"మీరక్కడ ఉన్నారన్న సంగతే మర్చిపోయాను." ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చెయ్యి ఖాళీ లేక భుజానికి ముఖం తుడుచుకుంది. "మీ గురించే అరుస్తూ మీతో మాట్లాడలేదు. నన్ను నమ్మమని అడగను. ఎలా నమ్ముతారు? మీరే పట్టుకోండి. మీరు వదిలితేనే వెళ్తుంది, పట్టుకుంటే ఆగిపోతుంది. నేను దీన్ని ఎత్తి పట్టుకుంటాను, అంతే. నేనేమీ నొక్కను, తొయ్యను."

అత్తగారు వినలేదేమో అనిపించింది. పిడికిలి అలాగే ఉంది. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తే, ఆ మోటారు చప్పుడుకు ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

బండి వెళ్ళిపోయింది. చాలాసేపటికి ఆ వేళ్ళు వెంట్రుకవాసి సడలాయి. సిరంజిలో పాలు గోరంత దిగాయి. వెంటనే పిడికిలి మళ్ళీ బిగిసింది. అత్తగారు తన పొట్టలోకి చెవి పెట్టి వింటున్నట్టు కాసేపు ఆగి, కోడలి ముఖంలోకి చూసింది. ఏమీ కాలేదు. మళ్ళీ వెంట్రుకవాసి సడలాయి.

కోడలి భుజం లాగేస్తోంది. ఇటివ్వమ్మా, కాసేపు నేను పట్టుకుంటానని మామగారన్నా ఇవ్వలేదు. సిరంజి అంతే ఎత్తున పట్టుకుని, ఆ పిడికిలి మళ్ళీ ఎప్పుడు వదులుతుందా అని చూస్తూ కూర్చుంది.